ఒత్తు కలవని అక్షరాలు

రాజోలు బస్టాండు వెనక సందులో ప్రసన్నకుమారి జాకెట్ల మీద ఎంబ్రాయిడరీ వేస్తుంది. పన్నెండేళ్లు చేత్తో కుట్టి, చూపు ఆనడం లేదని కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కొనుక్కుంది. కంప్యూటర్లో గీసిన డిజైను పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తే మిషను కుడుతుంది.

మొన్న వానల్లో ఆ కంప్యూటర్ పాడైంది. అమలాపురంలో రిపేరు షాపు నడిపే సత్యానందం ఒక పాతది సర్ది ఇచ్చాడు. అందులో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. ఆమె డిజైను సాఫ్ట్‌వేరేమో విండోస్‌లో తప్ప నడవదు. అలాంటివాటిని లినక్స్‌లో నడిపించే ‘వైన్’ అనే ప్రోగ్రాము వేసి, సాఫ్ట్‌వేర్ తెరిచి చూపించాడు. పువ్వులు, లతలు బాగానే వచ్చాయి.

చిక్కంతా తెలుగుతో వచ్చింది. కొత్త చర్చి ప్రతిష్ఠకు రొట్టె, ద్రాక్షారసం పెట్టే ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ కుట్టమని పాస్టరమ్మగారు తెల్లబట్ట ఇచ్చి వెళ్లారు. మధ్యలో ‘క్రీస్తు కృప’ అని రావాలి. ప్రసన్న టైపు చేస్తే ఒత్తులు కిందికి దిగకుండా ‘క్ రీ స్ తు’ అని ముక్కలుగా పడింది. ఫాంటు మార్చినా అంతే. సత్యానందం చెప్పిన ఫైలేదో వేస్తే సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడమే మానేసింది; దాన్ని తీసేశాక గానీ మళ్లీ తెరుచుకోలేదు. అమ్మిన కంపెనీవాళ్లు విండోస్ కాకపోతే తమకు సంబంధం లేదని ఫోను పెట్టేశారు.

మూడో రోజు మళ్లీ సత్యానందానికి ఫోను చేసింది.

“దీంట్లో తెలుగు ఇంతేలాగుందండీ. ఇంగ్లీషులో కుట్టేయండి,” అన్నాడు.

“మా చర్చిలో పెద్దోళ్లు తెలుగే చదువుతారండీ. మిషనుకి రాలేదని ప్రభువు పేరు మార్చేయమంటారా?”

“ఆయ్, నిజమేనండీ,” అన్నాడు.

ఆమె కాగితం మీద పెన్సిలుతో అక్షరాలు రాసి, ఫోటో తీసి, తెర మీద పెట్టుకుని అంచులు చుక్క చుక్కా గీసింది. సగంలో సాఫ్ట్‌వేర్ దానంతటదే మూసుకుపోయింది. మళ్లీ గీసింది, మళ్లీ పోయింది. మౌస్ విసిరికొట్టి కాసేపు వీధరుగు మీద కూర్చుంది. లేచి, ఈసారి ఒక్కో అక్షరానికీ సేవ్ చేసుకుంటూ పోయింది. నాలుగు అక్షరాలకు రెండు పగళ్లు పట్టాయి.

గుడ్డ చూసి పాస్టరమ్మగారు చాలా బాగుందన్నారు. ప్రసన్నకు మాత్రం ‘క్రీ’ కింద వంకరపోయిన రావత్తే కనిపించింది. ప్రతిష్ఠ రోజు ప్రసంగం సాగినంతసేపూ దాన్నే చూస్తూ కూర్చుంది.

సోమవారం ఒకావిడ పెళ్లి జాకెట్టు తెచ్చి, వీపు మీద వధూవరుల పేర్లు తెలుగులో కావాలంది.

“పేర్లు కుట్టడం మానేశానండీ,” అంది ప్రసన్న.

ఆవిడ జాకెట్టు సంచిలో పెట్టుకుని ఎదురుగా ఉన్న మరో ఎంబ్రాయిడరీ షాపులోకి వెళ్లింది.