ఒక్క పేరున్న ఓటు చీటీ

కరోనా టీకాలు మొదలైన ఆ వసంతంలో మా పార్టీవాళ్ళు అభ్యర్థిని ఎన్నుకోవడానికి రమ్మని కబురు పెట్టారు. ఇక్కడ పార్లమెంటు ఎన్నికలకు ముందు, నియోజకవర్గంలో తమ తరఫున ఎవరు నిలబడాలో పార్టీ సభ్యులే ఒకచోట కూడి రహస్య ఓటుతో తేల్చుకుంటారు. మేముండేది జర్మనీలో, ష్వైన్‌ఫర్ట్ నగరానికి దూరంగా, పొలాల మధ్య ఒక చిన్న పల్లెలో. జర్మన్ పౌరసత్వం వచ్చిన ఏడాదే నేను పార్టీలో చేరాను. అలాంటి ఓటు వేయబోవడం అదే మొదటిసారి.

ఎవరికి వేయాలో ముందే నిశ్చయించుకున్నాను. మా వీధి చివర పాడి నడిపే ఆవిడ పోటీలో ఉంది. టీకా టెర్మిన్‌లు, అంటే ఏ రోజు ఎన్ని గంటలకు రావాలో చెప్పే వంతులు, అన్నీ ఇంటర్నెట్‌లోనే ఇస్తుంటే, ఊళ్ళో ముసలివాళ్ళు ఏం చేయాలో తెలియక కూర్చున్నారు. ఆవిడ పొద్దున్నే పాలు పితికి, ఇంటింటికీ వెళ్ళి, వాళ్ళకు టెర్మిన్‌లు తీసిపెట్టి, తన కారులోనే తీసుకెళ్ళి తీసుకొచ్చింది. రెండో ఆయన నగరంలో వకీలు. మా పార్టీ జిల్లా అధ్యక్షుడికి బాగా కావలసినవాడు. మా ఊరు ఎటు ఉందో ఆయనకు తెలుసని నేననుకోను.

"గా గుంపుల వడి జబ్బు తెచ్చుకుంటవా? నీకెందుకే గీ లొల్లి?" అన్నాడు మా ఆయన.

"ఓటెయ్యకపోతే పౌరసత్వం ఎందుకు తీసుకున్న మరి?" అని మాస్కు పెట్టుకుని బయల్దేరాను.

సభ ఒక క్రీడా క్లబ్బు హాలులో. గాలి ఆడాలని తలుపులన్నీ బార్లా తీసి పెట్టారు. గుమ్మం దగ్గర నా ముందున్నవాళ్ళు పేరు చెప్పి, చేతులకు మందు రాసుకుని లోపలికి వెళ్ళిపోయారు. నా వంతు రాగానే బల్ల దగ్గరున్నాయన లేచి నిలబడ్డాడు.

"టీకా వేసేది పక్క భవనంలోనండి."

"నేను సభకు వచ్చాను. సభ్యురాలిని."

"ఇక్కడ పౌరులే ఓటెయ్యాలి."

"నేను పౌరురాలినే."

గుర్తింపు కార్డు తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, మాస్కు ఒకసారి కిందికి దించమన్నాడు. నా వెనకాలున్న పెద్దాయన్ని కార్డు అడగలేదు సరికదా, మోకాలు నొప్పి తగ్గిందా అని పలకరించాడు. ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు మూసుకుని లోపలికి వెళ్ళి, దూరదూరంగా వేసిన కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చున్నాను.

అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. మహమ్మారి రోజులు కాబట్టి పని త్వరగా ముగిద్దామన్నాడు. ఆ తర్వాత చాలా తేలిగ్గా, "పార్టీ ఐక్యత కోసం మన పాడి రైతు సోదరి పోటీ నుంచి తప్పుకున్నారు. వారికి కృతజ్ఞతలు" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఓటు చీటీలు పంచారు. వాటి మీద ఒక్కటే పేరు.

ఆవిడ ముందు వరసలో తల వంచుకుని కూర్చుని ఉంది. ఊళ్ళో ఎవరి ముందూ తల వంచని మనిషి. నాకు ఆ చప్పట్లు భరించలేనివిగా అనిపించాయి. చెయ్యెత్తాను.

"చర్చకు సమయం లేదు. మాట్లాడే ప్రతివాళ్ళకూ మైకు తుడవాలి" అన్నాడు అధ్యక్షుడు.

"నాకు మైకు అక్కర్లేదు" అని లేచి నిలబడ్డాను. ఆవిడ వైపు తిరిగి అడిగాను. "మీ అంతట మీరే తప్పుకున్నారా?"

ఆవిడ మెల్లగా తలెత్తింది.

"తప్పుకోమన్నారు. పల్లెటూరి మనిషికి ఓట్లు పడవన్నారు."

"అది అంతర్గత విషయం!" అన్నాడు అధ్యక్షుడు.

"మేమందరం లోపలివాళ్ళమే కదండీ. ఓటెయ్యడానికేగా మమ్మల్ని పిలిచారు? ఈవిడ పేరు నేను ప్రతిపాదిస్తున్నాను. ఏ సభ్యుడైనా ప్రతిపాదించవచ్చని మీ నియమాల్లోనే ఉంది."

ఎవరో గొణిగారు. ఇంకెవరో వెనక నుంచి, "ఆమె చెప్పింది నిజమే, రాయండి" అని అరిచారు. అధ్యక్షుడు పక్కవాళ్ళతో గుసగుసలాడి, చివరికి ఆవిడకు సమ్మతమేనా అని అడిగాడు. ఆవిడ లేచి, మాస్కు సరిచేసుకుని, "సమ్మతమే" అంది. ఆ ఒక్క మాటే. పంచిన చీటీలు వెనక్కి తీసుకుని, రెండు పేర్లతో కొత్తవి అచ్చు వేయించి తెచ్చేదాకా అందరం చలిలో వణుకుతూ కూర్చున్నాం. కొందరు నన్ను కొరకొరా చూశారు.

వకీలే గెలిచాడు. కానీ లెక్క చదువుతున్నప్పుడు అధ్యక్షుడి ముఖం చూడాలి. అన్ని ఓట్లు ఆవిడకు పడతాయని అతను కలలో కూడా అనుకుని ఉండడు.

బయట కార్లు ఆపిన చోట అధ్యక్షుడు నా దగ్గరకొచ్చాడు. "మీరు కొత్త. ఇక్కడి పద్ధతులు నిదానంగా తెలుస్తాయి" అన్నాడు చాలా మర్యాదగా.

"పద్ధతులు చదివే వచ్చానండి. వాటిని పక్కన పెట్టింది మీరే" అన్నాను. అతను తన కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆవిడ తన కారు తలుపు తీసి పట్టుకుని నిలబడి ఉంది. నన్ను మెచ్చుకుంటుందేమో అనుకున్నాను. "అంతమందిలో నన్ను నిలదీసి అడిగావు. కాళ్ళూ చేతులూ ఆడలేదు నాకు" అంది కోపంగా. అంతలోనే, "వాళ్ళు ఫోన్ చేసినప్పుడే కాదని చెప్పి ఉండాల్సింది. ఎందుకు ఒప్పుకున్నానో నాకే తెలీదు" అని కళ్ళు తుడుచుకుంది. ఆవుల వేళ దాటిపోతోందని వెళ్ళిపోయింది.

ఆ చలికాలంలో జిల్లా కమిటీకి ఎన్నిక జరిగింది. ఆవిడ ఎవరినీ అడక్కుండా తన పేరు తనే ఇచ్చుకుంది, గెలిచింది. ఆ సంగతి ఫోన్‌లో చెప్తుంటే మళ్ళీ పాత గట్టి గొంతే వినిపించింది. సంతోషించాను. ఆ ఐక్యత మాట మాత్రం ఇప్పటికీ నాకు మింగుడుపడదు. ఒక మనిషి నోరు మూయించి, మిగతావాళ్ళ చేత చప్పట్లు కొట్టించడాన్ని ఐక్యత అంటారని నేను ఏ భాషలోనూ నేర్చుకోలేదు.