చేపకు పెట్టిన ఉపవాసం

మా ఇంట్లో శనివారం పారాయణం అయ్యాక మొదటి ప్రసాదం చేపకే పెట్టేవాళ్ళం. ఆ అలవాటు పెట్టింది నేనే.

మావారి ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి పటాన్‌చెరు వైపు వచ్చి, చివరికి ఇంద్రేశంలో ఇల్లు కట్టుకున్నాం. హాల్లో గాజుతొట్టి పెట్టి గుండ్రటి గోల్డ్‌ఫిష్‌ను తెచ్చుకున్నాం. అన్ని జీవుల్లోనూ ఉన్నది ఆ స్వామేనని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. ఆయనకు నైవేద్యం పెట్టి, ఎదురుగా నోరు తెరుచుకుని తిరిగే ప్రాణికి పెట్టకుండా ఎలా ఉంటాను? హారతి అయ్యాక పారాయణానికి వచ్చిన పదిమందీ తలా చిటికెడు ప్రసాదం అటుకులు నీళ్ళలో వేసేవారు. అది గబగబా పైకొచ్చి మింగేది. స్వామి స్వీకరించాడని మాకు తృప్తిగా ఉండేది.

ఒక గురువారం పొద్దున చూస్తే చేప వెల్లకిలా తేలుతోంది. పొట్ట ఉబ్బిపోయింది. చచ్చిపోయిందనుకుని వేలితో తాకాను, తోక కొట్టింది. రెక్కలు ఆడించి జానెడు దిగుతుంది, మళ్ళీ బెండు ముక్కలా పైకొచ్చేస్తుంది. ఆకలికి నీరసించిందేమోనని ఇంకో చిటికెడు అటుకులు వేశాను. అదీ నా తెలివి.

ఫోన్లో వీడియో తీసుకుని పటాన్‌చెరులో చేపలమ్మే దుకాణానికి వెళ్ళాను. ఏం పెడుతున్నారని దుకాణదారు అడిగాడు. చెప్పాను.

"అటుకులా? ఇగ తేలక ఏం జేస్తదమ్మా! కడుపుల నాని ఉబ్బినయి. లోపట గాలితిత్తి ఉంటది, అది ఒత్తుకపోయింది. మూడు దినాలు ఏం పెట్టకుండ్రి. నీళ్ళు సగానికి తగ్గించుండ్రి. నాలుగో దినం పచ్చి బఠాణీ ఉడకబెట్టి, పొట్టు తీసి జెరంత పెట్టుండ్రి."

"బతుకుతుందా బాబూ?"

"బతకొచ్చు. పాపమని మధ్యల పెట్టిన్రో, పోతది."

ఏకాదశి ఉపవాసాలు నాకు అలవాటే. కానీ నేను తినకపోవడం వేరు, నేను తింటూ ఇంకో ప్రాణిని మాడ్చడం వేరు. తొట్టి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా తల పక్కకు తిప్పుకునేదాన్ని. నా అలికిడికి అది తలకిందులుగానే నోరు తెరిచేది.

శనివారం రానే వచ్చింది. ఎదురింటి పెద్దమ్మ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి. హారతి కళ్ళకద్దుకుని, గుప్పెట్లో అటుకులతో నేరుగా తొట్టి దగ్గరికి వెళ్ళింది. నేను మూత మీద చెయ్యి పెట్టాను.

"వద్దు పెద్దమ్మా. దానికి ఉపవాసం."

"ఏందీ, చేపకు గూడ ఏకాదశా? గిదేం మడి తల్లీ, అది పొద్దుగూకులు స్నానంలనే ఉంటది గద!"

అందరూ నవ్వారు. ఆమె మాత్రం గుప్పెట తెరవలేదు, వెనక్కీ తగ్గలేదు.

"దేవుని ప్రసాదమమ్మా. రెండు గింజలేస్తె ఏమైతది? నోరులేని జీవాన్ని పస్తు పండవెడ్తవా?"

మూడు రోజులుగా నన్ను నేను అడుక్కుంటున్నదే ఆమె అడిగింది. దుకాణదారు వద్దన్నాడని అతని మీద పెట్టేసి ఊరుకోవచ్చు. కానీ అందరి చేతా వేయించింది నేను.

"ప్రసాదంలో దోషం లేదు పెద్దమ్మా. దాని ఒంటికి ఏది పడుతుందో తెలుసుకోకుండా మన పుణ్యం కోసం పెట్టాం. పెట్టించింది నేను. తప్పు నాది," అన్నాను.

ఆమె వంగి, ఆ తెల్లటి పొట్టను చాలాసేపు చూసింది.

"గా ముచ్చట ముందుగాలనే చెప్పొద్దా," అని అటుకులు తన నోట్లో వేసుకుంది.

సోమవారం పొద్దున ఒక్క బఠాణీ ఉడికించి, పొట్టు ఒలిచి, మెదిపి, వేలికొసన నీళ్ళలో పట్టుకున్నాను. చేప పక్కకు ఒరిగి ఈదుకుంటూ వచ్చింది. ఒకసారి తప్పింది. రెండోసారి అందుకుంది. ఇంకొంచెం కోసం నా వేలిని పొడుస్తూనే ఉంది. ఇవ్వలేదు. అలా చెయ్యి ఆపుకునే బుద్ధి ఇచ్చింది స్వామేనని నా నమ్మకం.

బుధవారానికి అది అడుగున రాళ్ళ మీద, పొట్ట కిందికి పెట్టుకుని నిలబడింది. కాస్త ఎడమకు ఒరిగే ఉంది. ఈ రోజుకీ అలాగే ఈదుతుంది.