చెల్లెలికి ఇయ్యని నీళ్లు

మా చిన్నప్పుడు... వాన పడని ఏడు కౌతాళం పక్క మా ఊర్లో ఇళ్లకు ఇళ్లే సుగ్గికి పోయేవి. సుగ్గి అంటే గుంటూరు దిక్కు మిరపకాయలు కోసే కూలికి పోయేదప్పా. ఆ ఏడు మా అమ్మానాయన కూడా పోయినారు. ఇంట్లో మిగిలింది అవ్వ, నేను, నాలుగేండ్ల చెల్లెలు సుగుణ.

ఊరి చివర రేకుల షెడ్డులో ఒక సిస్టరమ్మ బడి నడిపేవారు. కేరళ ఆమె. తెల్లచీర, అరిగిపోయిన చెప్పులు. సుగ్గికి పోయినోళ్ల పిల్లలకు మధ్యాహ్నం ఇంత సంకటి పెట్టి అక్షరాలు దిద్దించేవారు. నేనీ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ తల్లి చలవే!

"బేదులు అయితే ఉప్పు, బెల్లం కలిపి నీళ్లు తాపాలి" అని రోజూ మాతో పాటలాగా చెప్పించేవారు. ఆమె తెలుగు విని మేము నవ్వుకునేవాళ్లం...

ఒకరోజు పొద్దున్నే చెల్లెలికి బేదులు, అదే నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. మా పక్క అప్పుడు అందరిదీ ఒకటే మాట... బేదులైతే నీళ్లు ఇయ్యకూడదు, పైన పోస్తే కింద పోతాదని. అవ్వ నీళ్లబాన మీద మూత పెట్టి నన్ను కాపలా కూర్చోబెట్టింది.

"సుక్క ఇస్తివా, సస్తాదిరా పిల్ల! మీ అమ్మకు నేనేం సెప్పల్ల?"

"సిస్టరమ్మ తాపమన్నాదవ్వా..."

"ఆయమ్మ కన్నాదా, పెంచినాదా? నోరు మూసుకోని కూచో!"

కూచున్నాను. చెల్లెలి పెదాలు ఎండి పగిలిపోయినాయి. "అన్నా... రోన్ని నీళ్లియ్యి" అని అడుగుతానే ఉంది. నేను ఇయ్యలేదు. ఇస్తే నిజంగానే చచ్చిపోతుందని నా భయం...

మరుసటి రోజు నేను బడికి రాలేదని సిస్టరమ్మే మా గుడిసెకు వచ్చినారు. చెల్లెల్ని ఒళ్లో పెట్టుకుని చెంచాతో నీళ్లు పోస్తానే కూర్చున్నారు. గొంతు దిగితే ఒక చెంచా, దిగకపోతే తుడిచి మళ్లీ ఒక చెంచా... ఆదోని ఆసుపత్రికి బస్సు సాయంత్రం గానీ లేదు. ఆ బస్సు రాకముందే చెల్లెలు పోయింది.

అవ్వ నేలకు తల కొట్టుకుంది. "నేనే ఎండగట్టి సంపుకుంటినే తల్లీ!"

సిస్టరమ్మ తిట్టలేదు. అవ్వ చేతులు పట్టుకుని, "తప్పు నాది కూడా అవ్వా. పిల్లలకు చెప్పాను... మీకు చెప్పలేదు" అన్నారు.

వారం లోపల ఊర్లో ఇంకో ముగ్గురు పిల్లలకు అదే రోగం. సిస్టరమ్మ బడి మూసి ఇల్లిల్లూ తిరిగినారు. ముందర మా అవ్వ! ప్రతి వాకిట్లో నిలబడి అరిచేది. "నా మనవరాల్ని నేను సంపుకున్నా. మీరు సంపుకోగాకండి. నీళ్లు తాపండే!" ముగ్గురూ బతికినారు.

సుగ్గి నుంచి తిరిగొచ్చిన మా అమ్మ, అవ్వ పోయేదాకా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. నన్ను మాత్రం ఒక్కసారి అడిగింది. "నువ్వన్నా ఇయ్యకూడదారా?" అని... ఒక్కసారే.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే... నా కూతురికి హాలహర్వి దిక్కు నర్సు ఉద్యోగం వచ్చిందప్పా! అరవై దాటినోన్ని, వీధంతా చక్కెర పంచినా! నా బంగారుతల్లి మొదటిరోజు ఇంటికి ఆలస్యంగా వచ్చింది. ఏమ్మా అంటే, "ఒక పిల్లోనికి బేదులు నాయనా. మందు వాళ్లమ్మకు ఇచ్చినా... వాళ్లవ్వ ఇంటికి పోయి కూర్చుని చెప్పి వచ్చినా" అన్నాది. నేను పక్కకు పోయి బాగా ఏడ్సినా. సంతోషమే, కానీ...

ఇప్పుడు ఉప్పు చక్కెర పొడి పొట్లాలు ఊరూరా దొరుకుతాయి. సుగ్గి మాత్రం పోలేదు. ఈ ఏడు కూడా పిల్లల్ని అవ్వల దగ్గర ఇడిసి బండ్లు ఎక్కుతానే ఉన్నారు. బడికి రాని పిల్లోని కోసం గుడిసె దాకా నడిచి వచ్చేవాళ్లు ఎంతమంది ఉన్నారో...

ఆ తల్లి పేరు మేము ఎప్పుడూ అడగనేలేదు. మీకట్లా ఎవరన్నా ఉండి, పేరు తెలిసుంటే, కింద రాయండప్పా... నేను చదువుకుంటాను.