ఆయన ఛాతీ ఎత్తున అరలు

గాజువాకలో మాది నోటు పుస్తకాల కొట్టు. మావారు ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరయ్యాక పెట్టారు. ఒక తుఫానుకి కొట్లోకి నీళ్ళొచ్చి, కింది అరల్లో పుస్తకాలు ఉబ్బి బిగుసుకుపోయాయి. గునపం పెట్టి తీయాల్సి వచ్చింది. ఇకమీద ఇలాంటి వానలు ఎక్కువవుతాయని ఆ వారమే ఆయన అరలన్నీ పీకించి పైకి బిగింపించారు. ఎంత పైకి అని వడ్రంగి అడిగితే తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించారు. ఆయన ఆరడుగుల మనిషి. నేను ఆయన భుజం దాకా కూడా రాను.

"నాకెలా అందుతాయి?" అన్నాను.

"నువ్వు కొట్టుకి రావుగా" అన్నారు.

ఆయన పోయిన మూడో నెల నుంచి వస్తున్నాను.

అన్నిటికంటే కింది అర నా గడ్డానికి తగులుతుంది. కొనేవాళ్ళే తీసుకునేవారు. పొడుగువాళ్ళు పొట్టివాళ్ళకి అందించేవారు. కొన్నాళ్ళకి పొట్టివాళ్ళు ఎదురు కొట్టుకి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పొడుగువాళ్ళు కూడా. జూన్‌లో బడులు తెరుస్తారు, వానలూ అప్పుడే. అరలు దింపితే సరుకు తడుస్తుంది, దింపకపోతే కొట్టు మూతపడుతుంది. దింపడానికి నాకు మనసు రాలేదు కూడా.

మారుతున్న వాతావరణానికి వ్యాపారాలు సిద్ధంగా ఉన్నాయో లేదో చూడటానికి ఒక అధికారి వచ్చాడు. సరుకు నేలకి ఎంత ఎత్తులో ఉందని అడిగాడు.

"మావారి ఛాతీ ఎత్తులో."

"అడుగుల్లో చెప్పండమ్మా."

తానే కొలుచుకుని, మాది ఆదర్శ దుకాణమన్నాడు. అది రాసుకోవడానికి పెన్ను అడిగాడు. నాకు అందలేదు. కుర్చీ ఎక్కి అతనే తీసుకున్నాడు.

పక్కకొట్లో ఎండుచేపలు అమ్మే ఆవిడ ఇదంతా చూసి పగలబడి నవ్వింది. నన్ను అక్కా అనే బదులు వాళ్ళ అలవాటు ప్రకారం అప్పా అంటుంది.

"ఏటప్పా, బడ్డీ ఎట్టినావా, అటక ఎట్టినావా? కిందకి దింపీ."

"నీళ్ళొస్తే?"

"వత్తే పైకి లాగు. బోటు మీద మా ఇంటాయన రోజూ సేత్తన్న పని అదే కదేటి!"

ఆదివారం ఆమె భర్త బోటులోని పాత కప్పీ, తాడు తెచ్చాడు. బడిపిల్లల పుస్తకాల అరను గోడ నుంచి విప్పి, పైదూలానికి వేలాడదీశాడు. తాడు వదిలితే నా నడుం దగ్గరికి దిగుతుంది, లాగితే పైకి వెళుతుంది. పైన అర ఎక్కడ ఆగాలో చెబితే తాడుకి ముడి వేస్తానన్నాడు. గోడకి మావారు కొట్టించిన మేకుల గుర్తులు ఉన్నచోటు చూపించాను.

మొదటి పెద్దవానకి నీళ్ళు గుమ్మం దాటాయి. లాగాను. అర కదల్లేదు. పక్కావిడ చీర ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చింది.

"ఇన్ని పుత్తకాలు ఎట్టేసినావేటప్పా! వల నిండా సేపలు పడ్డా ఇంత బరువుండదు. లాగు, లాగు!"

ఇద్దరం లాగాం. ముడి కప్పీకి తగిలి అర ఆగింది.

"ముడి ఇప్పి ఇంకా పైకి లాగుదుమా?"

"వద్దు. అంతే ఎత్తు" అన్నాను.

ఆమె తాడు కొక్కేనికి కట్టింది.

అప్పుడే మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి, గొడుగుతో ఒకాయన లోపలికొచ్చాడు. లాంగ్ నోట్‌బుక్ కావాలన్నాడు. పొట్టి మనిషి.

మళ్ళీ దింపాం.