గీసినవారి గడి

ఆఫీసులో నేను కూర్చునే కుర్చీ నాకు ఎత్తు. కాళ్ళు నేలకు ఆనవు. సాయంత్రానికి పాదాలు బూరెల్లా పొంగేవి. ఇంటికి రాగానే వేడినీళ్ళలో ఉప్పు వేసుకుని బకెట్టులో కాళ్ళు పెట్టుకుని కూర్చునేదాన్ని. సీటు కింద పిడి లాగితే కుర్చీ దిగుతుందని తెలియక కాదు. అది మా ఆయన కుర్చీ. తన ఎత్తుకు సరిగ్గా పెట్టుకున్నాడు. తిరిగి వచ్చి కూర్చునేనాటికి అలాగే ఉండాలని నేను ఆ పిడి జోలికి పోలేదు.

వస్తాడనే నమ్మాను మరి. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్ళ మధ్య ఒక సందులో, మూడో అంతస్తులో మా ఆఫీసు. ఫ్యాక్టరీల ప్యానెల్ బోర్డుల్లో ఏ తీగ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోవాలో కంప్యూటర్‌లో గీసి ఇస్తాం. మా ఆయన అక్కడ డ్రాఫ్ట్స్‌మన్. ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటూ వాష్‌బేసిన్ దగ్గరే కూలబడ్డాడు. ఎల్‌బీనగర్ చౌరస్తా దాటి దవాఖానకు చేరేలోపే కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయిపోయింది.

నేనూ ఎలక్ట్రికల్ డిప్లొమా చేసినదాన్నే. కంప్యూటర్‌లో బొమ్మలు గీసే క్యాడ్ ఇద్దరం ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నాం, అక్కడే ఒకరికొకరం తగులుకున్నాం. నువ్వూ నువ్వూ అని పిలుచుకునే అలవాటు అప్పటిది. మా అత్తమ్మకు ఇప్పటికీ అది నచ్చదు. పాప పుట్టాక ఇంట్లో ఉండిపోయిన నన్ను, మా సార్, అంటే ఆఫీసు నడిపే ఆయన, కబురుపెట్టి పిలిపించారు. "ఆయన కోలుకునేదాకా నువ్వు రామ్మా, ఆ సీటు ఎక్కడికీ పోదు" అన్నారు. మా ఆయనను, పాపను అత్తమ్మకు అప్పజెప్పి నేను ఆ కుర్చీ ఎక్కాను.

కర్మన్‌ఘాట్‌లో మా కిరాయి పోర్షన్ మెట్లెక్కేసరికి మంచం మీంచి రోజూ ఒకటే ప్రశ్న వచ్చేది.

"నా సీట్ల ఎవరు కూసుంటున్నరు?"

"ఎవరు కూసుంటలేరు. ఖాళీగనే ఉంది. నేను పక్క సిస్టం మీద చేస్తున్న."

ఆ మాట వింటే ఆయన ముఖం కాస్త తేటపడేది. ఎడమ చేత్తో కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే వంచుతూ, చాపుతూ కూర్చునేవాడు. ఫిజియోథెరపీ అబ్బాయి చెప్పిన కసరత్తు అది. వేళ్ళు వదిలేస్తే వదిలేసినట్టే పడి ఉండేవి. నేను చూడనట్టు వంటింట్లోకి పోయేదాన్ని.

అంతలో ఆయన డ్రాయింగులు గీసి ఇచ్చిన ఒక పెద్ద ఫ్యాక్టరీని వేరే కంపెనీ కొనుక్కుంది. పాత డ్రాయింగులన్నిటి మీదా కొత్త పేరు, కొత్త గుర్తు, కొత్త నంబర్లు వేసి మళ్ళీ మొదటి నుంచి ఇవ్వాలన్నారు. ప్రతి డ్రాయింగుకూ కుడివైపు కింద మూలలో ఒక పెట్టె ఉంటుంది. టైటిల్ బ్లాక్ అంటాం. ఏ కంపెనీది, ఎన్నో షీటు, ఎవరు గీశారు, ఎవరు చూశారు, అన్నీ అందులో చిన్న చిన్న గడుల్లో ఉంటాయి. గీసినవారి గడిలో మా ఆయన పొడి అక్షరాలు రెండు. ఆ గడిలో ఇప్పుడు నా అక్షరాలు పెట్టమన్నారు సార్.

నాకు ఒళ్ళు మండింది.

"సార్, గీసింది ఆయనే గద. గా ఒక్క గడి ఉండనియ్యండి."

"నాకు మాత్రం ఇష్టమా అమ్మా? ఆ గడిలో పేరున్నవాళ్ళు ఇప్పుడు ఆఫీసులో ఉండాలంటున్నారు కొత్త కంపెనీవాళ్ళు. రేపు వాళ్ళకేదైనా డౌటొస్తే ఫోన్ చేసి ఎవర్ని అడుగుతారు చెప్పు."

"ఆయన వస్తరు గద సార్."

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మొన్న ఆదివారం వచ్చి చూశాను కదమ్మా" అన్నారు. నేను వచ్చి కుర్చీ ఎక్కి కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నేను దేనికోసం రోజులు నెట్టుకొస్తున్నానో అది లేదని ఆ మనిషి అంత మెల్లగా చెప్పేశారు. అరిచి చెప్పినా బాగుండేది, తిరిగి అరిచేదాన్ని.

పెట్టె మొత్తం ఒకటే ముద్దగా ఉంటే పని సులువు. ప్రాజెక్టు మొత్తానికీ ఒక్క ఆజ్ఞ ఇస్తే అన్ని షీట్లూ వాటంతటవే మారిపోతాయి. ఇచ్చాను. ఆయన అక్షరాలు ఏ షీటులో ఎప్పుడు పోయాయో నా కంటికి కనిపించలేదు కూడా. అదొక్కటే దయ అనుకున్నాను. తీరా చూస్తే సగానికి సగం షీట్లు మారలేదు. అవి ఆయన పగలగొట్టిన పెట్టెలు. పాత ఫ్యాక్టరీ పేరు పొడుగు, గడిలో పట్టేది కాదు. ఆయన పెట్టెను ముక్కలు చేసి, అక్షరాలు సన్నం చేసి చేత్తో ఇరికించేవాడు. అలా చేస్తే తర్వాత మార్చేవాళ్ళ గతేంటని పెళ్ళికి ముందు నుంచీ నెత్తీ నోరూ కొట్టుకునేదాన్ని. "మార్చేటోల్ల సంగతి నాకేంది, సూసెటోల్లకు మంచిగుండాలె" అనేవాడు.

ఇక ఒక్కొక్కటీ తెరిచి నా చేత్తో చెరపాలి. మొదటి షీటు తెరిచాను. పెళ్ళితో ఆయన ఇంటిపేరే నాకూ వచ్చింది కాబట్టి మొదటి అక్షరం ఇద్దరిదీ ఒకటే. మార్చాల్సింది రెండోదొక్కటే. ఆ ఒక్క అక్షరం మీద కర్సర్ పెట్టి అలా కూర్చుండిపోయాను. నా వల్ల కాలేదు. ఫైలు మూసేసి ఇంటికి వచ్చేశాను.

వచ్చేదారిలో దుఃఖం కాస్తా కోపమైంది. గుమ్మంలో అడుగు పెడుతూనే నోరు జారాను.

"నువ్వు పలగ్గొట్టిన బ్లాకులు నా పానం తీస్తున్నయి. ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత పనిలో ఉన్నప్పటి చూపు కనిపించింది. "ఏ జాబు?" అన్నాడు, ఏ ఫ్యాక్టరీ పని అని. చెప్పాను. ఫ్యాక్టరీ అమ్ముడుపోయింది, పేర్లు మారుతున్నాయన్నాను.

"రివిజన్ ఎంత?"

"సున్నా."

పొరపాటున నిజం చెప్పేశాను. రివిజన్ సున్నా అంటే పాతదాన్ని మార్చినట్టు కాదు, మళ్ళీ కొత్తగా గీసినట్టు లెక్క అని ఆయనకు నేను చెప్పాలా? వేళ్ళు వంచుతున్న ఎడమ చెయ్యి ఆగింది.

"గీసినోల్ల గడిల ఎవరిది పెట్టమన్నరు?"

నేను బకెట్టులో నీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టాను. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. అత్తమ్మ పాపను తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆయనే, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నాడు.

"ఒక్కొక్కటి చెరపకు. ఫైండ్ రీప్లేస్ పెట్టు. ఫైండ్‌ల నాది కొట్టు. రీప్లేస్‌ల నీది కొట్టు. పూర మాట మీద టిక్ పెట్టు, మర్షిపోకు. లేకుంటె కేబుల్ నంబర్లల్ల ఉన్న అక్షరాలు గూడ మారిపోతయి. సైట్ల పరేషాన్ అయితరు."

నేను తల ఊపాను. ఆయన బకెట్టులోని నా కాళ్ళ వంక చూస్తున్నాడు.

"కుర్చి జర కిందికి దించుకో" అన్నాడు. "నీకు కాళ్ళందయి."

మరుసటి రోజు ఆయన చెప్పినట్టే చేశాను. ఫైండ్‌లో ఆయనవి, రీప్లేస్‌లో నావి. టిక్ మర్చిపోలేదు. కేబుల్ నంబరు ఒక్కటి కూడా చెడలేదు. అన్నీ అయ్యాక సీటు కింద పిడి లాగాను. కుర్చీ మెల్లగా దిగింది. కాళ్ళు నేలకు ఆనాయి. పక్కన ప్రింట్లు తీస్తున్నవాళ్ళు ఏమనుకుంటే నాకేమని తెర ముందే కూర్చుని ఏడ్చాను.

ఆ సాయంత్రం నేను మెట్లెక్కి వచ్చాను. మంచం మీంచి ఏ ప్రశ్నా రాలేదు.