పొట్లంలో పేరు లేని మాత్ర

పోయినవి ముందు రాస్తాను. వెయ్యీ అరవై ఒక్క రోజులు. కింది వరసలో ఒక పన్ను. కళ్లజోడు. జెట్టీ మీద నిలబడి సరుకు లెక్కపెట్టే పని. వీటిలో కళ్లజోడు ఒక్కటే మళ్లీ కొనగలిగాను.

నాకు ఫిట్స్ ఉన్నాయి. మూడేళ్లు, అంటే వెయ్యీ తొంభై ఐదు రోజులు, ఒక్కసారీ రాకుండా గడిస్తే మాత్ర మెల్లగా తగ్గించి ఆపేద్దామన్నారు డాక్టరమ్మ. నాది కార్బమజెపైన్, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. అది ఫిట్స్‌తో పాటు బుర్రనీ కొంచెం ఆపుతుంది. ఎనిమిదో తరగతితో చదువు మానేసి, ఓడల దగ్గర బస్తాలు లెక్కపెడుతూ కూడికలు నేర్చుకున్నవాణ్ణి. మాత్ర మొదలయ్యాక ఏ కూడికైనా రెండుసార్లు చేస్తేగాని నమ్మకం కుదరదు. ఒక్కసారి చేసి నమ్మే రోజు కోసం ఆ ఎదురుచూపు. ఇంకా నలభై రోజులుందనగా గొంతు నొప్పి పట్టుకుంది.

మా పేటలో గొంతు నొప్పికి డాక్టరు దగ్గరకు వెళ్లేవాణ్ణి డబ్బు ఎక్కువైనవాడంటారు. మిగతావాళ్లం మందుల షాపుకి పోయి "ఒక సెట్ కట్టు" అంటాం. అతను నాలుగు రకాల మాత్రలు విడివిడిగా తుంచి పొట్లం కడతాడు. ఏ ముక్క మీదా పేరు మిగలదు. అడిగితే, నీకెందుకన్నట్టు చూస్తాడు. నేను అడగలేదు. పొట్లాలు ఆరూ ఉన్నాయో లేదో మాత్రం శ్రద్ధగా లెక్కపెట్టుకున్నాను.

మూడో రోజు క్రేనుకి రెండు కొక్కేలు కనిపించాయి. అడుగులు తూలాయి. నా పక్కన లెక్క రాసే అతను నవ్వాడు.

"ఏటి బావా, పగలే ఏసీసినావేటి?"

"గొంతుకి మాత్రలేసుకున్నాను, అంతే."

"ఏ కొట్టో సెప్పు, నాను కూడా తెచ్చుకుంతాను."

తెలివైనవాణ్ణి కదా, విచారణ జరిపాను. గొంతు మాత్రలు ఆ రాత్రితో అయిపోతాయి. తల తిరగవచ్చని రాసి ఉన్నది ఫిట్స్ మాత్ర కాగితం మీదే. కాబట్టి నేరం దానిదే. రెండు రోజులు దాన్ని మానేశాను. మూడోనాటి పొద్దున ఫిట్స్ వచ్చి జెట్టీ మీదే పడ్డాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ షాపుకి ఫోన్ చేయించి స్పీకర్ పెట్టించారు. పొట్లంలో ఒకటి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ అని తేలింది.

"ఖరీదైన మందే ఇచ్చేనమ్మా. ఫిట్స్ ఉన్నాయని ఆయన సెప్పలేదు కదా," అన్నాడు షాపతను. ఏళ్ల తరబడి నెలనెలా నా కార్బమజెపైన్ అమ్మింది ఆ చేతులే.

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "అది ఉంటే కార్బమజెపైన్ ఒంట్లోంచి పోదు, పోగుపడుతుంది. అందుకే తూలారు. అప్పుడు నాకు ఫోన్ చెయ్యాలి. మాత్ర ఒక్కసారిగా మానేస్తారా ఎవరైనా?"

అప్పటి నుంచి వెళ్లినప్పుడల్లా ఆవిడని ఫిట్స్ మాత్రల గురించి ఒక్కో సంగతి అడిగి తెలుసుకుంటున్నాను. ఫెనిటోయిన్‌తో పాటే గ్యాస్ మందు తాగితే అది ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లకు కొన్ని పెద్ద యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడితే, రక్తంలో దాని మోతాదు కూలిపోతుంది. అదే వాల్‌ప్రోయేట్ పక్కనున్న లామోట్రిజిన్‌ని పెంచుతుంది. టీబీకిచ్చే రిఫాంపిసిన్ నా మాత్రని తగ్గించేస్తుంది. లెవెటిరాసెటమ్ ఒక్కటే పెద్దగా ఎవరి జోలికీ పోదు. ఇవన్నీ జెట్టీ మిత్రుడికి గొప్పగా చెప్పాను.

"ఇంత తెలిసినోడివి, పడిపోయేక తెలుసుకున్నావేటి బావా?" అన్నాడు.

షాపు ముందు సెట్ల కోసం జనం అలాగే నిలబడుతున్నారు. నన్ను జెట్టీ నుంచి తీసి లోపల గదిలో కూర్చోబెట్టారు.

ఒకరోజు సిగ్గు విడిచి డాక్టరమ్మని అడిగాను. "ఆ వెయ్యీ అరవై ఒకటిలో సగమైనా జమ కట్టరా?"

"ఒకటి నుంచి మొదలెట్టండి," అన్నారు.

ఇవాళ్టికి మూడు వందల ఎనభై ఎనిమిది రోజులు కట్టాను. ఇంకా ఏడు వందల ఏడు బాకీ.