తాడు ఆనందం బిడ్డ

సిరిసిల్లలో ఒక మనిషికి కొత్త పేరు పెట్టడానికి సాంచాల షెడ్డులో ఒక్క పూట చాలు. సాంచాలంటే మా దగ్గర మరమగ్గాలు. ఆ చప్పుడులో పూర్తి పేర్లు పిలిస్తే వినపడవు కాబట్టి, మనిషిలోని ఏదో ఒక లోపాన్ని పట్టుకుని పేరుకు ముందు తగిలిస్తారు. ఆనందం ముప్పై ఏళ్ళు ఆ షెడ్డుల్లో పనిచేసి, ఏ పేరూ తగిలించుకోకుండా నెట్టుకొచ్చాడు. యాభై నాలుగో ఏట అతను తాడు ఆనందం అయ్యాడు. అందులో అతని తప్పు ఆవగింజంత కూడా లేదు. తప్పు కొంత కూతురిది, కొంత ఒక సినిమాది. కొంత నాది కూడా, ఎందుకంటే ఆ రోజు హాల్లో నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆనందం కూతురు నవత. వాళ్ళింటికి నాలుగిళ్ళ అవతలే నా జిరాక్స్ షాపు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, మొండిది. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ వెళ్ళి సినిమా గ్రాఫిక్స్ నేర్చుకుంది, అక్కడే ఒక చిన్న కంపెనీలో చేరింది, కరోనా తర్వాత ఇంటి నుంచే పని చేసుకోమంటే తిరిగొచ్చేసింది. ఆమె పని ఏమిటో అర్థం కావడానికి నాకే ఏడాది పట్టింది. సూపర్ హీరో గాల్లో ఎగురుతాడు కదా, నిజానికి అతన్ని క్రేనుకు ఇనుప తాళ్ళు కట్టి వేలాడదీస్తారు. ఆ తాళ్ళను కంప్యూటర్లో చెరిపేయడం నవత పని. చెరిపితే అక్కడ బొక్క పడుతుంది. తాడు వెనకాల ఉండాల్సిన మబ్బునో, గోడనో, వాననో మళ్ళీ అక్కడ అతికించాలి. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు, ప్రతి బొమ్మలోనూ ఇదే పని. బాగా చేస్తే చేసినట్టు ఎవరికీ తెలియదు. చెడిపోతే మాత్రం ఊరంతటికీ తెలుస్తుంది.

అలాగే తెలిసింది. నేను మొదట్లో చెప్పిన ఆ సూపర్ హీరో సినిమా మొదటి భాగం విడుదలకు నెల ముందు నుంచే ఆనందం షెడ్డులో, చాయ్ హోటల్లో, మంగలి షాపులో చెప్పుకున్నాడు, మా బిడ్డ పనిచేసిన సినిమా వస్తోందని. మొదటి ఆటకు తనతో పనిచేసేవాళ్ళను పద్నాలుగు మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నపు ఎండలో హీరో ఒక తెల్లటి గోడ పక్క నుంచి ఎగిరిపోయే సీను వచ్చింది. తాడు లేదు, శుభ్రంగా చెరిపారు. కానీ తాడు నీడ గోడ మీద అలాగే ఉంది. పావు సెకను ఉంటుందేమో. రాజేశం అనే ఆయన, ఆనందం పక్క సాంచా మీద పనిచేస్తాడు, లేచి నిలబడి అరిచాడు.

"అగో, గోడ మీద తాడు నీడ కనబడ్తుంది!"

హాలు హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికే గ్రాఫిక్స్ బొమ్మల సినిమాలా ఉన్నాయని జనం చిరాకుగా ఉన్నారు, వాళ్ళకో సాకు దొరికింది. ఆనందం మాత్రం సినిమా అయ్యేదాకా ముందు సీటు వెనకభాగాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఆ నీడ మిగిల్చింది నవతే. ఆ షాట్‌కు కంపెనీ రెండే రోజులిచ్చింది నిజమే, కానీ ఆ మాట ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఇంటికొచ్చిన తండ్రితో, అది నేను చేసిందే బాపూ అని ఒప్పుకుంది. ఆనందం సరే బిడ్డా అన్నాడు, అంతే. తిట్టి ఉంటే ఆమెకు తేలిగ్గా ఉండేది. మర్నాటి నుంచి అతను తాడు ఆనందం. వారం తిరక్కుండా చాయ్ హోటల్ మార్చాడు, నెలకు షెడ్డు కూడా మార్చాడు. పేరు అతనికంటే ముందే కొత్త షెడ్డుకు చేరింది. కూతురేం చేస్తుందని ఎవరైనా అడిగితే, ఏదో కంప్యూటర్ పని అనడం మొదలుపెట్టాడు. ఆ "ఏదో" అన్న మాట నవత చెవిన పడ్డ రోజున ఆమె నా షాపులోనే ఉంది. ప్రింట్లు తీసుకుని, డబ్బులిచ్చి, గడప దగ్గర ఆగి నాతో అంది.

"మా బాపు పేరు నేనే ఖరాబు చేసిన అంకుల్. నేనే సాఫ్ చేస్త."

రెండో భాగం రావడానికి రెండున్నరేళ్ళు పట్టింది. ఈ సూపర్ హీరో సినిమాల రెండో భాగం చేసేవాళ్ళను చూస్తే నాకు జాలి. మొదటిసారి కటౌట్లకు కొబ్బరికాయలు కొట్టిన జనమే రెండోసారి లెక్కలు తేల్చడానికి వస్తారు. టీజర్ వచ్చిన పూటే మా కుర్రకారు దాన్ని ఫోన్లో ఆపి ఆపి, వేళ్ళతో పెద్దది చేసి చూశారు, తప్పు ఎక్కడ దొరుకుతుందా అని. నవతకు ఇదంతా తెలుసు. తెలిసే, కంపెనీని అడిగి మరీ తాళ్ళ షాట్లన్నిటిలోకీ కష్టమైనది తీసుకుంది. రాత్రి, కుండపోత వాన, వరద. హీరో నదిలోంచి ఒక పడవను మనుషులతో సహా పైకెత్తుతాడు. హీరోకు రెండు తాళ్ళు, పడవకు నాలుగు. షాట్ పదకొండు సెకన్లు. వానలో తాడు చెరపడమంటే తాడు మీద పడి చిట్లే చినుకులు కూడా చెరపాలి, అక్కడ నేరుగా కిందికి పడే చినుకులు పెట్టాలి. తొమ్మిది సార్లు తిప్పి పంపారు. పదోసారి ఒప్పుకున్నారు. అయినా తనకు నచ్చలేదని పదకొండోసారి ఆమే చేసి పంపింది. వాళ్ళమ్మ సత్యవ్వ కంచం తెచ్చి పక్కన పెట్టి, అన్నం చల్లారిపోయాక తీసుకుపోయిన రోజులు నేను చూశాను.

విడుదల రోజు ఆనందం రానన్నాడు. నవత బతిమాలింది, సత్యవ్వ అలిగింది, చివరికి వచ్చాడు. రాజేశం, పాత షెడ్డువాళ్ళు రెండు వరుసల ముందు కూర్చున్నారు. వరద సీను మొదలైంది. ఏముంది అక్కడ? బురద. తెర మీద ఒక నల్లటి ముద్ద ఇంకో నల్లటి ముద్దను ఎత్తుతోంది. హీరో ఎవరో, పడవ ఏదో తెలియదు. కరెంటు పోయిందా అని ఒకరు, టార్చి కొట్టండని ఇంకొకరు. గ్రాఫిక్స్ చేతకాక చీకట్లో దాచిపెట్టారని రాజేశం తేల్చేశాడు. మళ్ళీ నవ్వులు. ఆనందం లేచి వెళ్ళిపోయాడు. నవత కదల్లేదు. ఆమె తెరను చూడడం మానేసి వెనక్కి తిరిగి, ప్రొజెక్టర్ వెలుతురు వచ్చే కిటికీని చూస్తూ కూర్చుంది. ఆ పదకొండు సెకన్లలో ఏ చినుకు ఎక్కడ పడుతుందో తెలిసిన మనిషి, అవేవీ కనిపించకపోతే దోషం తనది కాదని గ్రహించింది.

ఆట అయిపోగానే ఆపరేటర్ లింబాద్రి దగ్గరికి వెళ్ళింది. పాతికేళ్ళుగా అదే గదిలో ఉన్న మనిషి, ముందు విసుక్కున్నాడు, తర్వాత నిజం చెప్పాడు. ఆ థియేటర్ వెనక రెండు వరుసల సాంచాల షెడ్లు. వాటి నూలు నూగు గాల్లో తేలుతూ వచ్చి ప్రొజెక్టర్ ముందున్న అద్దం మీద పేరుకుంటుంది. లోపలి వైపు అతను తుడుస్తాడు. హాలు వైపు తుడవాలంటే నిచ్చెన వేసుకోవాలి, మోకాళ్ళు సహకరించవు. నవత చున్నీ నడుముకు బిగించి నిచ్చెన ఎక్కింది. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ బూడిద రంగుకు తిరిగింది. లింబాద్రి సీను మళ్ళీ వేసి చూపించాడు. పడవ ఆకారం తెలిసింది, అంతకు మించి లేదు. అద్దం ఒక్కటే కాదమ్మా అన్నాడతను. బల్బు ఎక్కువ రోజులు రావాలని తక్కువ వెలుతురు మీద నడపమన్నారట. ఓనర్ మాట దాటి తను పెంచలేడు. అదే ఓనర్‌కు కోరుట్లలో ఇంకో థియేటర్ ఉంది, అక్కడ కొత్త బల్బు వేశారని కూడా చెప్పాడు.

ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి, మర్నాడు నవత ఆధార్ కార్డు పట్టుకుని బస్సెక్కింది. వేములవాడలో దిగి, గుడికొచ్చిన భక్తుల గుంపులోంచి దూరి ఇంకో బస్సు పట్టుకుని, ఉదయం ఆటకు కోరుట్లలో దిగింది. అక్కడ వరద సీనుకు హాల్లో ఒక్కరూ నవ్వలేదట. పడవ పైకి లేస్తుంటే పక్క సీటు ముసలామె నవత చెయ్యి పట్టుకుందట, ఎవరో ఏమిటో తెలియకుండానే. వెళ్ళిన పని ఇంకా అవలేదు కాబట్టి ఏడవకుండా జగిత్యాల బస్సెక్కానని నాతో అంది.

ఓనర్ శ్రీనివాస్ రావు ఇల్లు జగిత్యాలలో. మర్యాద తెలిసిన మనిషే, కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. విని నవ్వాడు. మీ ఊళ్ళో జనం హీరో కోసం వస్తారమ్మా, వెలుతురు ఎంతుందో ఎవరు చూస్తారు, బల్బు మధ్యలో పోతే ఆట ఆగిపోదా అన్నాడు. నవత సంచిలోంచి ఆ బూడిద రంగు గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది.

"సార్, పావు సెకండు తాడు నీడను పట్టుకున్నరు మా ఊరోళ్ళు. పది సాంచాల నడుమ ఒక్క పోగు తెగితే పట్టే కండ్లు అవి. గసుంటి కండ్ల ముందట మీరు బురద పెట్టిన్రు. వాళ్ళు నవ్వింది నన్ను, మీరు మంచిగున్నరు. వారం రోజులు బల్బు మంచిగ పెట్టియ్యుండ్రి. మీరు ఒప్పుకునేదాకా నేను గీడికెళ్ళి లేవ."

శ్రీనివాస్ రావు ఆ గుడ్డను తిరగేసి చూశాడట. అతనికి కోపం వచ్చిందో, సిగ్గేసిందో నవతకు తెలియలేదు. ఫోన్ తీసి లింబాద్రికి చెప్పాడు, ఫుల్లు మీద పెట్టు, బల్బు పోతే కోరుట్ల నుంచి ఇంకోటి పంపిస్తానని.

ఇక మిగిలింది ఆనందం. అతను ససేమిరా అన్నాడు, ఒకే గుంతలో మూడుసార్లు పడే ఓపిక లేదన్నాడు. తండ్రిని కోరుట్ల తీసుకుపోయి చూపించొచ్చు కదా అని నేనే సలహా ఇచ్చాను. పేరు పెట్టింది కోరుట్లవాళ్ళు కాదు కదా అంకుల్ అంది. ఆమె నేరుగా పాత షెడ్డుకు వెళ్ళి, నడుస్తున్న సాంచాల మధ్య రాజేశం ముందు నిలబడింది.

"కాకా, ఎల్లుండి సాంచాలు బందే గదా. అందరు మళ్ల సినిమాకు రాండ్రి. వరద సీన్ల ఒక్క తాడు గని, దాని నీడ గని దొరికితే చెప్పు. ఉద్యోగం ఇడ్సిపెట్టి నీ షెడ్డుల దారం కండెలు చుడ్త."

షెడ్డులో ఇలాంటి పందేనికి కాదనే మనిషి పుట్టలేదు. రాజేశం ఇరవై మందిని పోగేశాడు. ఆనందం ఇంటికి వెళ్ళి, నీ బిడ్డ ఉద్యోగం పోతుంటే నువ్వు ఇంట్లో కూర్చుంటావా అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆ చెయ్యి పట్టుకోవడంలో పాత స్నేహం కొంచెం ఉందని నాకు అనిపించింది. వెనక నేనూ వెళ్ళాను. నాకు భయంగా ఉంది, నవతకు లేదు.

వరద వచ్చింది. ఈసారి వాన కనిపించింది, ఒక్కో చినుకూ. పడవలో మనుషుల ముఖాలు కనిపించాయి. ఇరవై మంది సాంచాలవాళ్ళు ముందుకు వంగి, తెగిన పోగును వెతికినట్టు తెరను వెతికారు. పడవ నీళ్ళలోంచి లేచింది, హీరో చేతుల మీద వణికింది, పైకి వెళ్ళింది. ఎవరూ అరవలేదు. ఆనందం కూతురి వైపు వంగి, ఎన్ని అని అడిగాడు. ఆరు అంది నవత. అతను మళ్ళీ తెర వైపు తిరిగాడు.

సీను అయిపోయింది. రాజేశం వెనక్కి తిరిగి, ఓడిపోయినవాడి గొంతుతో అన్నాడు.

"తాళ్ళు లెవ్వుర ఆనందం."

ఆనందం లేచి నిలబడ్డాడు. వెనక వరుసలవాళ్ళు కూర్చోమని గొణిగారు. కూర్చోలేదు. రెండున్నరేళ్ళుగా తన ముందు ఎవరూ అనకూడదనుకున్న మాటను హాలంతా వినేలా తనే అన్నాడు.

"ఆరు తాళ్ళున్నయి. నా బిడ్డ తీసింది."

"యాడున్నయిర? నాకు ఒక్కటి గుడ కనబడలే."

"గందుకే చెప్తున్న."